వైరస్‌కూ ఇంటిపేరు ఉంటుంది: స్వైన్ ఫీవర్ జన్యువులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎక్కడైనా పందులు వరుసగా చచ్చిపోతే ముందు పుట్టే మాట ఒకటే: "ఏదో కొత్త వైరస్ అంట." మర్నాటికి అది చైనా వైరస్ అవుతుంది. ఇంకో రోజు గడిచేసరికి ఎవరో దాన్ని స్వైన్ ఫ్లూ చేసేస్తారు. పందిమాంసం అమ్మేవాళ్ళ దగ్గరకు జనం రావడం మానేస్తారు. ఇంత జరిగినా అసలు వచ్చింది ఏ వైరస్, ఏ దారిన వచ్చింది అని అడిగేవాళ్ళు తక్కువ. మొదటిది తెలిస్తే టీకా ఉందో లేదో తెలుస్తుంది. రెండోది తెలిస్తే ఆ దారి మూయొచ్చు. కొత్తదా పాతదా అన్నది ఆ తర్వాతి సంగతి. చాలాసార్లు అది అక్కరలేని ప్రశ్న కూడా.

ముందు పేర్ల చిక్కు విడదీద్దాం. స్వైన్ ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా. 2009లో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1 మూలాలు పందుల్లో ఉన్నా, అది పాకింది మనుషుల నుంచి మనుషులకే. ఉడికించిన పందిమాంసం తింటే అది రాదు. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం. మిగిలినవి రెండు: క్లాసికల్ స్వైన్ ఫీవర్, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. ఈ రెండూ మనుషులకు సోకవు. పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, ఆ రెండు వైరస్‌లకూ ఏ సంబంధమూ లేదు. ఒకటి ఆర్‌ఎన్‌ఏ వైరస్, రెండోది డీఎన్ఏ వైరస్. పేరులో సగం కలవడానికి కారణం లక్షణాలు కలవడమే.

ఆ లక్షణాలు నిజంగానే కలుస్తాయి. రెండింట్లోనూ జ్వరం 105, 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతుంది. పందులు మేత మానేసి ఒకదాని మీద ఒకటి పడి గుంపుగా పడుకుంటాయి. చెవులు, పొట్ట కింది చర్మం ఎర్రబడి, తర్వాత ఊదారంగుకు తిరుగుతాయి. నడిపిస్తే వెనక కాళ్ళు తూలతాయి. సూడి పందులు ఈసుకుపోతాయి, అంటే గర్భం పోతుంది. కోసి చూస్తే కొంత తేడా కనిపిస్తుంది: క్లాసికల్‌లో ప్లీహం అంచుల వెంట నల్లటి మచ్చలు, పెద్దపేగులో బటన్ అల్సర్లు అనే గుండ్రటి పుండ్లు ఉండొచ్చు. ఆఫ్రికన్‌లో ప్లీహమే బాగా ఉబ్బి నల్లబడుతుంది. అయితే ఎంత అనుభవమున్న డాక్టరైనా కంటితో చూసి తేల్చలేని కేసులు చాలా ఉంటాయి. తేల్చేది ల్యాబ్ పరీక్షే.

క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ జన్యుపదార్థం ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, పొడవు సుమారు 12,300 అక్షరాలు (జన్యుభాషలో ఒక్కో రసాయన ముక్కా ఒక అక్షరం). దాని నుంచి మొదట 3,898 అమైనో ఆమ్లాలున్న ఒకే పెద్ద ప్రోటీన్ తయారై, తర్వాత ముక్కలై 12 ప్రోటీన్లవుతుంది. అన్నిటి పేర్లూ మనకు అక్కర్లేదు, రెండు చాలు. ఒకటి ఈ2. ఇది వైరస్ పైపొర మీద ఉంటుంది. పంది శరీరం తయారుచేసే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది దీన్నే. రెండోది ఎన్ఎస్5బి. ఇది కణంలో కూర్చుని వైరస్ ఆర్‌ఎన్‌ఏకు కాపీలు తీసే ఎంజైమ్. తీసిన కాపీని సరిచూసుకునే ఏర్పాటు దీనికి లేదు. తప్పు పడితే పడినట్టే. అందుకే జబ్బుపడిన ఒక పందిలో ఉన్నది ఒకే వైరస్ అనుకోకూడదు. కొద్దికొద్దిగా తేడాలున్న వైరస్‌ల గుంపు అది.

ఈ మాట విన్నవాళ్ళు "అయితే రోజుకో కొత్త వైరస్ పుడుతుందన్నమాట" అంటారు. పుడుతుంది, చచ్చిపోతుంది కూడా. ఎక్కువ తప్పులు వైరస్‌కే చేటు చేస్తాయి. ప్రోటీన్ ఆకారం చెడితే అది కణంలోకి దూరలేదు, దూరినా కాపీలు తీసుకోలేదు. అలాంటివి అక్కడికక్కడే ఆగిపోతాయి. వడపోత తర్వాత ఏడాదికి ఆ 12,300 అక్షరాల్లో నిలిచే మార్పులు చాలా కొద్ది. పీఆర్ఆర్ఎస్ అనే మరో పంది వైరస్ ఉంది. అది ఎంత వేగంగా మారుతుందంటే ఒక రకానికి చేసిన టీకా ఇంకో రకం మీద సరిగా పనిచేయదు. దానితో పోలిస్తే క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ చాలా నిలకడ గలది. ఈ నిలకడ వల్ల మనకు కలిగే లాభం టీకా దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంటిపేరు, గుణం

ఆ నిలిచిన కొద్ది మార్పులే పరిశోధకులకు ఆధారం. పూర్తి జన్యువు చదవకుండానే మూడు చోట్ల చిన్న ముక్కలు చదివి వైరస్‌ను వర్గీకరించడం ఏళ్ళుగా వస్తున్న పద్ధతి: మొదట్లో ఉండే 150 అక్షరాల ముక్క, ఈ2 జన్యువులో 190 అక్షరాలు, ఎన్ఎస్5బి జన్యువులో 409 అక్షరాలు. వీటిలో ఏ తేడాలు ఎవరితో కలుస్తున్నాయో చూసి వంశవృక్షం గీస్తారు. అలా తేలిన పెద్ద శాఖలు మూడు. వాటినే జీనోటైప్ 1, 2, 3 అంటారు. ఒక్కోదాంట్లో మళ్ళీ 1.1, 2.1, 2.2, 3.4 లాంటి ఉపశాఖలు.

ఈ అంకెలు చూసి 3 కంటే 2 తక్కువ ప్రమాదం, 2 కంటే 1 ఇంకా తక్కువ అనుకునేవాళ్ళున్నారు. అలా కాదు. మన ఇళ్ళలో ఇంటిపేరు ఎలాంటిదో జీనోటైప్ అలాంటిది. తెలుగువాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే. ఇంటిపేరు వింటే వాళ్ళ ముత్తాతలు ఏ ఊరి నుంచి బయల్దేరారో ఊహించొచ్చు. మనిషి శాంతస్వభావుడో కోపిష్టో మాత్రం చెప్పలేం. ఒకే ఉపశాఖలో పందులను పది రోజుల్లో చంపేసే రకాలూ ఉన్నాయి, నెలల తరబడి ఈడ్చే రకాలూ ఉన్నాయి. ఉధృతి ఎంతన్నది ఏదో ఒక్క అక్షరం మీద ఆధారపడదు. పంది వయసు, దాని రోగనిరోధక స్థితి కూడా అందులో పాత్ర పోషిస్తాయి.

ఇంటిపేరు వల్ల ఉపయోగం ఎక్కడంటే, 1997లో నెదర్లాండ్స్‌లో జరిగినదాన్ని చూడాలి. అక్కడ క్లాసికల్ స్వైన్ ఫీవర్ ఒక్కసారిగా పాకింది. 400కు పైగా ఫారాల్లో వైరస్ దొరికింది. దాన్ని ఆపడానికి కోటికి పైగా పందులను చంపాల్సి వచ్చింది. జన్యువు చదివితే అది 2.1 ఉపశాఖ అని, జర్మనీలో పాడర్‌బోర్న్ ప్రాంతంలో కొద్దికాలం ముందు దొరికిన వైరస్‌తో సరిపోతోందని తేలింది. విచారణలో వేళ్ళన్నీ ఒక వైపే చూపించాయి: జర్మనీకి పందులను తోలి, సరిగా కడగకుండా తిరిగొచ్చిన లారీ. ఆ వైరస్‌లో అద్భుతమైన కొత్త శక్తి ఏదీ లేదు. దానికి దొరికింది ఒక లారీ మాత్రమే.

తైవాన్ కథ ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. అక్కడ దశాబ్దాలపాటు 3.4 ఉపశాఖే ఉండేది. 1990ల మధ్యలో 2.1 ప్రవేశించింది. కొన్నేళ్ళకు 3.4 కనబడకుండా పోయింది. యూరప్‌లో కూడా ఒకప్పుడు ఎక్కువగా జీనోటైప్ 1 ఉండి, తర్వాత జీనోటైప్ 2 ఆ స్థానాన్ని ఆక్రమించింది. చైనాలోనూ 2.1 ముందుకొచ్చింది. ప్రపంచం మీద చూస్తే ఒక శాఖ వెనక్కి తగ్గుతోంది, ఇంకోటి ముందుకొస్తోంది. ఎందుకు?

"టీకాను తప్పించుకోవడం నేర్చుకుంది" అనేది అందరికీ ముందు తట్టే జవాబు. కానీ కుందేళ్ళలో పెంచి బలహీనపరిచిన పాత టీకా వైరస్ మూడు జీనోటైప్‌ల మీదా పనిచేస్తుంది. ప్రయోగాల్లో మళ్ళీమళ్ళీ రుజువైన విషయం ఇది. తేడా వేరేచోట ఉండొచ్చు. జీనోటైప్ 2లో చాలా రకాలు మధ్యస్థ ఉధృతి గలవి. పందిని వెంటనే చంపవు. కొద్దిగా జ్వరం, కొద్దిగా విరేచనాలు, ఎదుగుదల తగ్గడం, అంతే. పెంచేవాడు "మేత పడలేదేమో" అనుకుంటాడు. పంది నెలల తరబడి వైరస్ విసర్జిస్తూ తిరుగుతుంది, సంతకు పోతుంది, అమ్ముడవుతుంది. పది రోజుల్లో చంపే వైరస్ కంట పడుతుంది, జనం జాగ్రత్త పడతారు. నిదానంగా ఉండే వైరస్ కంట పడదు. పరిణామం దృష్టిలో ఇది తెలివైన వ్యాపారం. చంపడం కంటే బతికించి తిప్పుకోవడమే దానికి లాభం.

ఇందులో అన్నిటికంటే మోసం సూడి పంది. గర్భం 50 నుంచి 70 రోజుల మధ్య ఉన్నప్పుడు బలహీనమైన వైరస్ సోకితే తల్లికి పెద్దగా ఏమీ కాదు. కడుపులోని పిల్లల రోగనిరోధక వ్యవస్థ అప్పటికి ఇంకా తయారవుతూ ఉంటుంది. అది వైరస్‌ను తన సొంత సొత్తే అనుకుని వదిలేస్తుంది. ఆ పిల్లలు పుట్టాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, చూడ్డానికి బాగానే ఉంటాయి. వాటి రక్తంలో మాత్రం వైరస్ నిండుగా ఉంటుంది. యాంటీబాడీ పరీక్ష చేస్తే ఏమీ దొరకదు. చివరికి అవి చనిపోతాయి, ఆలోగా దొడ్డి మొత్తానికి అంటించేస్తాయి.

అసలు ఈ వైరస్ పందులకు ఎక్కడి నుంచి వచ్చింది? దీని దగ్గరి చుట్టాలు పశువుల్లో, గొర్రెల్లో ఉన్నాయి. ట్యునీసియాలో గొర్రెల్లో దొరికిన ఒక పెస్టివైరస్ (ఈ చుట్టాలన్నిటినీ కలిపి పిలిచే పేరు) దీనికి అన్నిటికంటే దగ్గరగా ఉంది. జన్యువుల్లో మార్పులు పోగయ్యే వేగాన్ని బట్టి లెక్కగట్టిన 2017 నాటి ఒక పరిశోధన, ఆ గొర్రెల వైరస్ పందుల్లోకి దూకి సుమారు 225 ఏళ్ళయిందని అంచనా వేసింది. అంటే 18వ శతాబ్దం చివర. అమెరికాలోని ఒహాయోలో ఈ జబ్బును గుర్తించి రాసింది 1833లో. దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, బ్యాక్టీరియాను ఆపే ఫిల్టర్‌లోంచి కూడా జారిపోయేంత చిన్న క్రిమి అని డి ష్వైనిట్జ్, డోర్సెట్ తేల్చింది 1903లో. మన దగ్గర గొర్రెలు, పందులు ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే పొలంలో తిరుగుతాయి కాబట్టి ఈ కథ ఆసక్తిగా అనిపిస్తుంది. అయితే ఇలాంటి దూకుడు రోజూ జరిగేది కాదు, భయపడాల్సిన పని లేదు.

సూది వేయించినా ఎందుకు పోయాయి?

మన దేశంలో చాలాకాలం 1.1 ఉపశాఖదే పైచేయి. తర్వాత ఈశాన్య రాష్ట్రాల నుంచి, ఇతర చోట్ల నుంచి 2.2, 2.1 కూడా బయటపడ్డాయి. ఇది చదివినవాళ్ళు పాత టీకా పనికిరాదనే నిర్ణయానికి వస్తారు. పందులు పెంచేవాళ్ళ ప్రశ్న కూడా అదే: "సూది ఏపిచ్చినాం గదా సార్, మళ్ళా ఎందుకు పోయినాయి?"

పైన చెప్పినట్టు ఈ వైరస్‌లో జీనోటైప్‌లు ఎన్ని ఉన్నా, టీకా లెక్కలో అవన్నీ ఒకటే. 1.1కి చెందిన టీకా వైరస్ 2.1 నుంచీ 2.2 నుంచీ కాపాడుతుంది. కాబట్టి సూది వేసినా పంది పోయిందంటే వైరస్ మారిపోయిందనడం కంటే ముందు వేరే కారణాలు వెతకాలి. ఇది బతికున్న టీకా. చల్లదనం తప్పితే చచ్చిపోతుంది. ఐస్ కరిగిపోయిన బాక్సులో ఎండలో పాకాల నుంచి పుంగనూరు దాకా వెళ్ళిన మందులో ఏం మిగులుతుంది? ఇంకో కారణం తల్లిపాలు. టీకా వేసిన తల్లి జున్నుపాల ద్వారా పిల్లలకు యాంటీబాడీలు ఇస్తుంది. మరీ చిన్న వయసులో పిల్లలకు సూది వేస్తే ఆ యాంటీబాడీలే టీకా వైరస్‌ను చంపేస్తాయి. అందుకే రెండు మూడు నెలల వయసులో వేయమంటారు. సూది వేసేనాటికే పందికి వైరస్ సోకి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే, వచ్చింది అసలు ఈ జబ్బే కాకపోవచ్చు.

టీకా దొరకడం ఇంకో కథ. పాత టీకాను కుందేళ్ళలో పెంచేవారు. ఒక కుందేలు ప్లీహం నుంచి వచ్చేవి 50 డోసులు. దేశానికి ఏడాదికి 2 కోట్లకు పైగా డోసులు కావాలంటే తయారైంది 12 లక్షలు. 2020లో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కుందేళ్ళు అక్కర్లేకుండా కణాల్లో పెంచే టీకాను, అదీ దేశీయ వైరస్ నుంచి, విడుదల చేసింది. నన్నడిగితే జన్యువైవిధ్యం మీద వచ్చిన డజన్ల పరిశోధనా పత్రాల కంటే పందుల పెంపకందారుకు ఈ ఒక్కటి ఎక్కువ పనికొచ్చింది.

జన్యువు చదవడం టీకా విషయంలో అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. టీకా వేసిన పంది చచ్చిపోయి, దాని టాన్సిల్స్‌లో 1.1 వైరస్ దొరికిందనుకుందాం. అది బయటి నుంచి వచ్చిన 1.1 వైరసా, సూది ద్వారా వచ్చిన టీకా వైరసా? మామూలు పీసీఆర్ రెండింటికీ పాజిటివ్ అనే చెబుతుంది. అక్షరాలు చదివితేనే తెలుస్తుంది. ఉదాహరణకు, ప్రపంచంలో ఎక్కువగా వాడే సి-స్ట్రెయిన్ టీకా వైరస్‌కు కుందేళ్ళకు అలవాటుపడే క్రమంలో జన్యువు చివరి భాగంలో 12 అక్షరాల అదనపు ముక్క చేరింది. అది కనిపిస్తే టీకా వైరస్ అని తేలిపోతుంది, పంది చావుకు కారణం ఇంకెక్కడో వెతకాలి.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. దాని డీఎన్ఏ పొడవు 1.7 నుంచి 1.9 లక్షల అక్షరాలు. జన్యువులు 150కి పైగా. మార్పులు నిదానంగా వస్తాయి. ఒక జన్యువును బట్టి 20కి పైగా జీనోటైప్‌లుగా విడదీస్తూ వచ్చారు గానీ, వాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికాలోనే ఉన్నాయి. 2007లో జార్జియాలోని పోటి ఓడరేవు దగ్గర దీని జీనోటైప్ 2 (క్లాసికల్‌లోని 2 కాదు, ఈ అంకెలు వేరు) బయటపడింది. మొజాంబిక్, మడగాస్కర్ వైపు వైరస్‌లతో అది కలిసింది. ఓడల్లో మిగిలిన ఆహారం పందులకు చేరడమే దారి అని అనుమానం. అక్కణ్ణుంచి రష్యా, యూరప్, 2018 ఆగస్టులో చైనా, 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్. తర్వాత మిజోరాం, కేరళ, ఇతర రాష్ట్రాలు. 2023 మొదట్లో మన పొరుగున తమిళనాడులోని ముదుమలై అడవుల్లో అడవి పందుల్లో కూడా కనిపించింది. ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగినా చాలాకాలం అది దాదాపు అదే వైరస్. ఇక్కడ ఇంటిపేరు చాలదు. ఊరు తెలియాలంటే పూర్తి జన్యువు చదవాలి. 2023లో చైనా శాస్త్రవేత్తలు జీనోటైప్ 1, 2 కలిసి పుట్టిన సంకర వైరస్‌ను ప్రకటించారు. "కొత్త వైరస్" అనే మాట నిజంగా సరిపోయేది ఇలాంటిదానికి. వియత్నాం టీకాలను అనుమతించింది గానీ మన దగ్గర వాడుకలో ఏదీ లేదు. అంటే దొడ్డిలోకి రానివ్వకపోవడం ఒక్కటే మిగిలిన మందు.

మన జిల్లాల్లో వైరస్‌కు ఉన్న దారులు చూస్తే, ఇది చెప్పినంత తేలిక కాదు. తరతరాలుగా పందులు పెంచుతున్న ఎరుకల కుటుంబాల దగ్గర నాటు పందులు వీధుల్లో తిరుగుతాయి. ఫారాల్లో సీమ పందులు, అంటే విదేశీ జాతులవి. తిరుపతి వెటర్నరీ కాలేజీలోని పందుల పరిశోధన పథకం నాటు రక్తం పావు వంతు, లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం ముప్పావు వంతు కలిపి ఎస్‌వీవీయూ టీ-17 రకాన్ని తయారుచేసింది. ఎదుగుదల బాగుంటుంది. ఈ వైరస్‌ల ముందు మాత్రం నాటు, సీమ, సంకరం అన్నీ సమానమే. ఊళ్ళో పందుల మేత చాలావరకు హోటళ్ళు, మెస్‌ల ఎంగిలి. డ్రమ్ముల్లో వచ్చే ఆ ఎంగిలిలో ఎక్కడో ఒక పందిమాంసం ముక్క ఉంటే చాలు. ఫ్రీజర్‌లోని మాంసంలో క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ ఏళ్ళ తరబడి బతుకుతుంది. బాగా ఉడికిస్తే చస్తుంది. అంత ఎంగిలిని ఉడికించడానికి కట్టెలకయ్యే ఖర్చు ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. పక్కనే శేషాచలం అడవులు, పలమనేరు వైపు కౌండిన్య అడవులు, వాటి నిండా అడవి పందులు. జపాన్ 26 ఏళ్ళ తర్వాత 2018లో గిఫు దగ్గర మళ్ళీ క్లాసికల్ స్వైన్ ఫీవర్‌ను చూసింది. అడవి పందుల్లోకి ఎక్కాక ఇప్పటికీ దాన్ని పూర్తిగా దించలేకపోయింది. ఇక లారీలు. ఇటు వేలూరు, చెన్నై. అటు కోలారు, బెంగళూరు. మూడు రాష్ట్రాల మూలలో ఉన్నాం.

ఇలాంటి చోట జన్యువు చదివితే దొరికే సమాధానం విలువైనది. చిత్తూరులో దొరికిన వైరస్ తమిళనాడు వైపుదా, కర్ణాటక వైపుదా, ఉత్తరాది నుంచి వచ్చిన పందిపిల్లలతో దిగిందా అన్నది తేలితే ఏ చెక్‌పోస్టు దగ్గర ఆపాలో తెలుస్తుంది. అందుకు చచ్చిన పంది ప్లీహం, టాన్సిల్స్, శోషరస గ్రంథుల ముక్కలు ఐస్‌లో పెట్టి పశువైద్యశాల ద్వారా ల్యాబ్‌కు వెళ్ళాలి. అక్కడే ఆగిపోతోంది. పంది చస్తే పెంచేవాళ్ళు చెప్పరు, మిగతావాటిని త్వరత్వరగా అమ్మేస్తారు. వాళ్ళను తప్పుపట్టడం తేలిక. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలితే కేంద్రం, రాష్ట్రం సగం సగం భరించి పరిహారం ఇస్తాయి గానీ, అది అధికారులు చంపిన పందులకే. జబ్బుతో ముందే పోయినవాటికి రాదు. నిజానికి ఈ నిబంధన తొందరగా చెప్పినవాడికే లాభం, ఆలస్యం చేస్తే నష్టం. ఆ సంగతి దొడ్డి దాకా చేరలేదు. చేరినవాళ్ళకు కూడా డబ్బు ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. రేపు వచ్చే పరిహారం కంటే ఈ రాత్రి వచ్చి సగం ధరకు కొనుక్కుపోయే బేరగాడే వాళ్ళకు నమ్మకస్తుడు. పరిహారం వారం రోజుల్లో చేతికందేలా చేస్తే, శాంపిళ్ళు వాటంతటవే వస్తాయి.